బీరువాలో పవర్ కార్డు

టక్... టక్... టక్...

గోడ గడియారం కాదు. పక్కింట్లో మేకు కొడుతున్న చప్పుడూ కాదు. మా ముందుగదిలో బల్ల కింద పెట్టిన కంప్యూటర్ డబ్బాలోంచి వస్తోంది. అది 2006 నవంబరు. కంప్యూటర్ కొని అప్పటికి అయిదు నెలలు. నల్లటి తెర మీద నాలుగు ఇంగ్లిషు ముక్కలు. బూట్ చెయ్యడానికి డిస్కు కనబడటం లేదట, సరైన డిస్కు పెట్టి ఎంటర్ నొక్కాలట. నొక్కాను. మళ్లీ టక్... టక్...

పదో తరగతికొచ్చిన మావాడి పోరు పడలేక ఆ జూన్‌లో రాజమండ్రిలోనే అసెంబుల్ చేయించాం. పెంటియం ఫోర్, 80 జీబీ హార్డ్ డిస్కు, 512 ఎంబీ ర్యామ్. కొట్టు కుర్రాడు లెక్క రాస్తూ, "ఎస్ఎంపీఎస్ మంచిది వేయించుకోండి సార్, ఓ తొమ్మిదొందలు ఎక్కువవుతుంది" అన్నాడు.

"అదేం చేస్తుంది?"

"లోపలి సామాన్లన్నిటికీ కరెంటు ఇస్తుంది సార్."

"డబ్బాతోపాటు వచ్చేది ఇవ్వదా?"

"ఇస్తుందనుకోండి..."

"మరింకేం!"

తొమ్మిదొందలు మిగిల్చానని ఇంటికొచ్చి మా ఆవిడ దగ్గర గొప్పలు కూడా చెప్పుకున్నాను. ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి.

టక్ టక్‌కి వద్దాం. కొట్టు కుర్రాడొచ్చి విని, "వైరస్ సార్" అన్నాడు. వైరస్ మేకులు కొడుతుందా అని అడిగేంత తెలివి నాకప్పుడు లేదు. ఫార్మాట్ చెయ్యబోతే అసలు డిస్కే కనబడలేదు. వారంటీ ఉంది కాబట్టి పట్టుకెళ్లాడు. మూడు వారాలకి వేరే డిస్కు వచ్చింది. పాతదాంట్లోని మా అమ్మాయి ఓణీల ఫంక్షన్ ఫొటోలు మాత్రం రాలేదు. వారంటీ డిస్కుకే గానీ, అందులో ఉన్నవాటికి కాదట. ఫొటోగ్రాఫరు తీసిన ఆల్బం ఉంది గనక ఆ గండం గట్టెక్కింది.

2007 ఫిబ్రవరిలో రెండోది మొదలెట్టింది. పాట మధ్యలో ఆగిపోవడం, మౌసు బిగుసుకుపోవడం, ఉన్నట్టుండి కంప్యూటర్ తనంతట తనే ఆగి మళ్లీ లేవడం. కేబుల్ మార్చారు. ర్యామ్ తీసి రబ్బరుతో రుద్ది పెట్టారు. విండోస్ రెండుసార్లు వేశారు. వేడెక్కుతోందేమోనని నేను డబ్బా పక్క రేకు ఊడదీసి టేబుల్ ఫ్యాన్ ఎదురుగా పెట్టాను. (గూగుల్ సంస్థ తన లక్షకు పైగా డిస్కులను గమనించి సరిగ్గా ఆ నెలలోనే ఒక పరిశోధన పత్రం బయటపెట్టింది. మనం అనుకునేంతగా వేడికీ డిస్కుల చావుకీ సంబంధం కనిపించలేదని అందులో ఉంది. నాకా సంగతి తెలిసింది చాలా ఏళ్ల తర్వాత. ఫ్యాన్ గాలి మాత్రం ఆ వేసవిలో కంప్యూటర్‌కే దక్కింది.)

చివరికి డిస్కు విప్పి కొట్టుకి తీసుకెళితే, అక్కడి కంప్యూటర్లో రోజంతా నిక్షేపంలా తిరిగింది! ఇంటికి తెచ్చి బిగిస్తే సాయంత్రానికి మళ్లీ అదే తంతు.

"మా దగ్గర బాగానే ఉంది సార్. మీ ఇంట్లోనే ఏదో జరుగుతోంది. పిల్లాడు గేమ్స్ అవీ వేస్తుంటాడా?" అన్నాడు కొట్టాయన.

ఆ మాటలో మొదటి సగం బంగారంలాంటి ఆధారం. నేను దాన్ని వదిలేసి రెండో సగం పట్టుకున్నాను.

మావాడు గేమ్స్ ఆడతాడు. స్నేహితుల దగ్గర్నుంచి సీడీలు తెస్తాడు. రాత్రి తెర ఆపెయ్యమంటే స్విచ్చి మీద ఒక్కటిస్తాడు. ఇంకేం కావాలి? పదో తరగతి పరీక్షలు నెల రోజుల్లో ఉన్నాయి. వాడిని నిలబెట్టి కడిగేశాను. "నేనేం చెయ్యలేదు నాన్నా" అన్నాడు. అన్న ప్రతిసారీ నా కోపం ఇంకో మెట్టు ఎక్కింది. డబ్బా వెనక పవర్ కార్డు పీకి, చుట్టచుట్టి, బీరువాలో పట్టుచీరల కింద పెట్టి తాళం వేశాను. పరీక్షలయ్యేదాకా వాడు నాతో అవసరమైనంతే మాట్లాడాడు. జూన్‌లో ఇంటర్ చదువుకని విజయవాడ హాస్టల్‌కి వెళ్లిపోయాడు. బస్సెక్కేటప్పుడు కూడా నాతో మాట్లాడింది తక్కువే.

ఈ మధ్యలో మా అమ్మ ఒక మాట రెండు మూడుసార్లు అంది. చీపురుతో ఆ గది ఊడుస్తూ, "ఆ డబ్బాకి చెయ్యి తగిలితే జిల్లుమంటోందిరా" అని. "నీకన్నీ అలాగే అనిపిస్తాయిలే" అన్నాను. మేమంతా ఇంట్లో కూడా రబ్బరు చెప్పులు వేసుకుంటాం. ఆవిడ ఒక్కతే వట్టికాళ్లతో తిరిగేది.

మూడో డిస్కు డబ్బు పెట్టి కొన్నాను. ఇక దాన్ని ముట్టుకునేది నేనొక్కణ్నే గనక ధైర్యంగా ఒక పని పెట్టుకున్నాను. మా నాన్నగారికి నాటకాల పిచ్చి. పాండవోద్యోగ విజయాల్లో కృష్ణుడు వేసేవారు. 1996లో పోయారు. 1988లో ఇంట్లోనే హార్మోనియం పెట్టి పాడిన ఆయన పద్యాలు ఒక అరవై నిమిషాల క్యాసెట్లో ఉన్నాయి. టేప్‌రికార్డర్ ఇయర్‌ఫోన్ రంధ్రంలోంచి కంప్యూటర్ వెనక నీలిరంగు రంధ్రంలోకి ఒక వైరు కలిపి, ఆ గంటనీ రెండు ఫైళ్లుగా ఎక్కించాను. నిమిషానికి పది మెగాబైట్ల లెక్కన రెండు వైపులా కలిపి ఆరొందలు. ఆ రోజు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. వారం తర్వాత అదే టేప్‌రికార్డర్ ఆ క్యాసెట్ని నమిలేసింది. గజాలకొద్దీ రీలు నలిగిన సేమియాలా బయటికొచ్చింది. "పోతే పోయిందిలే, కంప్యూటర్లో ఉందిగా" అని చెత్తబుట్టలో వేశాను.

సెప్టెంబరులో ఒక సాయంత్రం... టక్.

మావాడు అప్పటికి నూటయాభై కిలోమీటర్ల అవతల ఉన్నాడు.

ఆ టక్‌టక్ వింటూ కుర్చీలో ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. డేటా తీసిచ్చేవాళ్లు హైదరాబాద్‌లో ఉన్నారని తెలిసి ఫోన్ చేస్తే, చెప్పిన ఖరీదు నా నెల జీతం పైమాటే. అదైనా వస్తుందన్న హామీ లేదు.

మరుసటి ఆదివారం మా వీధి చివరి రేడియో మాస్టారు, రిపేరుకిచ్చిన టేప్‌రికార్డర్ చంకలో పెట్టుకొని వచ్చారు. వాల్వు రేడియోల కాలం మనిషి. కంప్యూటర్ల జోలికి పోరు. కాఫీ తాగుతూ నా కథంతా విని, "మూడు డిస్కులు చచ్చాయంటే తప్పు చచ్చినవాటిది కాదయ్యా. చంపేవాడెవడో ఇంట్లోనే ఉన్నాడు" అన్నారు. అని, సంచీలోంచి మల్టీమీటర్ తీశారు.

డబ్బాలోపల ఎస్ఎంపీఎస్ నుంచి వచ్చే వైర్ల గుత్తిలో పసుపు వైరు మీద పన్నెండు వోల్టులు, ఎరుపు మీద అయిదు ఉండాలి. పన్నెండు డిస్కులోని మోటారుకి, అయిదు దాని ఎలక్ట్రానిక్స్‌కి. నూటికి అయిదు వంతుల తేడా ఫరవాలేదు. అంటే పసుపు మీద 11.4 కంటే దిగకూడదు. మాస్టారు మీటరు ముల్లు పసుపులో ఒకటి, నలుపులో ఒకటి గుచ్చి, "ఇప్పుడు వెయ్యి" అన్నారు. 11.2 చూపించింది. డిస్కు తిరగడం మొదలెట్టగానే అంకెలు జారాయి... 10.9, 10.6. టక్! డిస్కు ఆగింది. వోల్టేజి మళ్లీ లేచింది. డిస్కు మళ్లీ తిరగబోయింది. టక్!

పది నెలలుగా మా ఇంట్లో వినబడుతున్నది అదన్నమాట.

హార్డ్ డిస్కు లోపల అద్దంలాంటి పళ్లెం నిమిషానికి 7,200 చుట్లు తిరుగుతుంది. దాన్ని చదివే ముల్లు పళ్లేన్ని తాకదు. తిరుగుడుకి పుట్టే గాలి మీద, మన వెంట్రుక మందంలో కొన్ని వేల వంతుల ఎత్తున తేలుతుంటుంది. కరెంటు చాలక చుట్లు తగ్గితే ఆ గాలి మెత్త పోతుంది. అందుకే డిస్కు భయపడి ముల్లుని పక్కకి లాగేసుకుంటుంది. మళ్లీ వచ్చి తన గీతల కోసం వెతుక్కుంటుంది, దొరక్కపోతే వెనక్కెళ్లి మళ్లీ వస్తుంది. రోజుకి పదిసార్లు ఈ హింస పడితే ఎంత మంచి డిస్కయినా ఎన్నాళ్లు బతుకుతుంది? 1956లో ఐబీఎం వాళ్లు చేసిన మొట్టమొదటి డిస్కులో 24 అంగుళాల పళ్లేలు యాభై ఉండేవి, పట్టేది అయిదు మెగాబైట్లే. మా నాన్నగారి గొంతు అర నిమిషం! అంత బండ వస్తువు అరచేతిలోకి వచ్చాక, ఎంత సున్నితమైపోయిందో ఆలోచించండి.

మాస్టారు ఎస్ఎంపీఎస్ ఊడదీసి చేతిలో తూచారు. "నాలుగొందల యాభై వాట్లని రాశాడు. బరువు చూస్తే అందులో సగం కూడా నమ్మలేం" అన్నారు. ప్లగ్గు పీకి చాలాసేపు ఆగాక పెట్టె విప్పారు. (మీరెవరూ విప్పకండి. కరెంటు తీసేశాక కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత వోల్టేజి నిలబడి ఉండొచ్చు.) లోపల నాలుగు కెపాసిటర్ల నెత్తులు పూరీల్లా ఉబ్బి ఉన్నాయి. ఒకదాని మీద గోధుమరంగు జిగురు కారి ఎండిపోయింది. తొమ్మిదొందల రూపాయల మిగులు!

అక్కడితో అయిపోలేదు. గుమ్మంలో నిలబడి వింటున్న మా అమ్మ, "అది ముట్టుకుంటే జిల్లుమంటుందండీ" అంది. మాస్టారు ఆవిడ వంక తిరిగి, "ఎన్నాళ్లుగా అమ్మా?" అని అడిగారు. నేనా ప్రశ్న అడగనే లేదు.

ఆయన నూరు వాట్ల బల్బు హోల్డరు తెచ్చి, ప్లగ్గులో ఫేజుకీ పైనున్న పెద్ద ఎర్త్ రంధ్రానికీ మధ్య పెట్టారు. ఎర్త్ బాగుంటే వెలగాలి. మిణుకు కూడా మనలేదు. మా నాన్నగారు ఇల్లు కట్టినప్పుడు పెరట్లో తీయించిన ఎర్త్ గొయ్యి మీద, నేను 2001లో సిమెంటు గచ్చు చేయించాను. కింద తీగ ఎప్పుడు తుప్పుపట్టి తెగిందో ఎవరికి తెలుసు? ఎస్ఎంపీఎస్‌లో రొదని వడకట్టే చిన్న కెపాసిటర్లు కొద్దిపాటి కరెంటుని డబ్బా రేకులోకి పంపుతుంటాయి. ఎర్త్ ఉంటే అది భూమిలోకి పోతుంది. లేకపోతే వట్టికాళ్ల మనిషి కోసం ఎదురుచూస్తుంది. ఉరుములప్పుడు కాపాడుతుందని కొన్న స్పైక్ బస్టర్ కూడా ఎర్త్ లేకపోతే సగం ఉత్సవ విగ్రహమేనట.

డిస్కుల్ని చంపింది ప్రధానంగా ఎస్ఎంపీఎస్సేనని నా నమ్మకం. మొదటిది మాత్రం తన చావు తనే చచ్చిందేమో, చెప్పలేను. ఎర్త్ లేకపోవడం మనుషులకే ఎక్కువ ప్రమాదం. అమ్మకి జిల్లుమనడంతో పోయింది.

కొత్త గొయ్యి తవ్వి పైపు దింపి, వరసకొక బొగ్గు, వరసకొక రాళ్ల ఉప్పు పోస్తుంటే అమ్మ చూసి, "ఆవకాయకి కూడా ఇంత ఉప్పు పట్టదు కదరా" అంది. మంచి ఎస్ఎంపీఎస్ కొన్నాను. ఆ కొట్టు కుర్రాడే బిగించాడు. పాపం, ఒక్క మాట కూడా అనలేదు.

మూడో డిస్కుని మరో కొత్త డిస్కు పక్కన బిగించి చూస్తే తిరిగింది! వేరే ఏదీ ముట్టుకోకుండా ముందు నాన్నగారి ఫైళ్లు కాపీ పెట్టాను. మొదటి వైపు మెల్లగా, ఆగి ఆగి, మొత్తం వచ్చేసింది. రెండో వైపు మధ్యలో నిలిచి, ఏదో 'సైక్లిక్ రిడండెన్సీ' లోపమని చెప్పి ఆగిపోయింది. మూడు రోజులు రకరకాలుగా ప్రయత్నించాను. నాలుగో రోజు డిస్కు తిరగడం మానేసింది.

అమ్మని పిలిచి వినిపించాను. కళ్లు మూసుకుని అరగంట విని, "రెండో వైపు లేదా?" అంది. లేదన్నాను. అందులో రెండు పద్యాల మధ్య నాన్నగారు మంచినీళ్లడుగుతారు. వంటింట్లోంచి అమ్మ "వస్తున్నా" అంటుంది. ఆ ఒక్కచోటే ఇద్దరి గొంతులూ కలిసి ఉన్నాయి.

"పోనీలే, పద్యాలున్నాయిగా" అని లేచి వెళ్లిపోయింది.

ఆ మొదటి వైపు ఇప్పుడు రెండు సీడీల్లో, పెన్‌డ్రైవ్‌లో, మా చెల్లెలి ఇంట్లో, ఇంకో రెండు చోట్లా ఉంది. నాలుగో డిస్కు 2013లో మేం ఆ కంప్యూటర్‌ని వదిలేసేదాకా ఒక్కసారి కూడా టక్‌మనలేదు. ఇప్పటి ల్యాప్‌టాప్‌ల్లో తిరిగే పళ్లేలే ఉండటం లేదు, అంతా చిప్పులే. పోయేటప్పుడు ఆ చప్పుడు కూడా ఉండదు.

ఆ ఏడు దసరా సెలవులకి మావాడు వచ్చాడు. భోజనాలయ్యాక ముందుగదిలో కూర్చోబెట్టి మల్టీమీటర్ అంకెల దగ్గర్నుంచి ఉప్పు దాకా అంతా చెప్పాను. తొమ్మిదొందల సంగతీ చెప్పాను. తప్పు నాదేరా అన్న మాట మాత్రం సరిగ్గా నోట్లోంచి రాలేదు. లేచి బీరువా తాళం తీసి, పట్టుచీరల కింది పవర్ కార్డు తెచ్చి వాడి చేతికిచ్చాను. ఆ ఆర్నెల్లూ నేను వేరే కార్డు కొనుక్కుని వాడుకున్నాను. దీన్ని బయటికి తియ్యడానికి ఎందుకో మనసు రాలేదు.

వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఏమీ అనలేదు. వెళ్లి కరెంటు పెట్టె మీంచి టెస్టర్ తెచ్చి, కంప్యూటర్ డబ్బా రేకుకి ఆనించి, లైటు వెలగలేదని చూసుకున్నాడు. తర్వాత కార్డు గుచ్చి, చెప్పులు విడిచి, వట్టికాళ్లతో వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"నాన్నమ్మా, ఓసారి రా. తాతగారి పద్యం పెడతాను" అని కేకేశాడు.