ఎడిన్‌బరో రోజులు – 7: మళ్లీ ఫాల్కిర్క్‌తోనే

పోయిన భాగం చివర్లో ఫుట్‌బాల్ గురించి రాస్తానన్నాను కదా. ఒక తమ్ముడు ఇన్‌బాక్స్‌లోకి వచ్చి, "అక్కా, నువ్వు కూడా ఆటల్లో పడ్డావా, మనకిప్పుడు అదా పని?" అని అడిగాడు. తమ్ముడూ, నాకు ఆట తెలీదు. ఆఫ్‌సైడ్ అంటే ఏంటో ఈ రోజుకీ సరిగ్గా చెప్పలేను. కానీ 2015 సెప్టెంబర్ నుంచి 2016 మే వరకు స్కాట్లాండ్‌లో రెండో శ్రేణిలో ఆడుతున్న ఒక జట్టు గురించి నేను దిగులు పడ్డాను, అరిచాను, ఒకసారి ఏడ్చాను కూడా. ఎందుకో చెప్తాను, ఓపిగ్గా చదువు.

స్కాలర్‌షిప్ డబ్బు ఆలస్యమైన నెలల్లో లీత్‌లో ఒక హోటల్ వంటింట్లో గిన్నెలు కడిగే పనికి చేరానని నాలుగో భాగంలో రాశాను. స్టూడెంట్ వీసా మీద వారానికి 20 గంటలకి మించి చేయకూడదు. ఆ 20 గంటలూ నా పక్కన నిలబడి పళ్లేలు తుడిచింది ఒక పెద్దాయన. అరవై ఆరేళ్లు. తండ్రి, తాత లీత్ రేవులో కూలీలు. నన్ను "హెన్" అని పిలిచేవాడు. కోడిపెట్టంటాడేంటని మొదటి వారం చిన్నబుచ్చుకున్నా. మనం "ఏమ్మా" అన్నట్టే వాళ్లకి ఆ మాట అని తర్వాత తెలిసింది.

ఆయన జట్టు హిబర్నియన్. అందరూ హిబ్స్ అంటారు. ఆకుపచ్చ చొక్కాలు. లీత్‌కి దగ్గర్లోనే ఈస్టర్ రోడ్ మైదానం వాళ్లది.

మన ఐపీఎల్‌లో ఆఖర్న వచ్చిన జట్టుకి ఏమీ కాదు, వచ్చే ఏడాది మళ్లీ అదే పందిట్లో కూర్చుంటుంది. అక్కడ అలా కాదు. ఆఖర్న వస్తే కింది శ్రేణికి దించేస్తారు. 2014లో హిబ్స్‌ని అలా దించారు, అదీ సొంత మైదానంలో, హామిల్టన్ చేతిలో పెనాల్టీల మీద. అదే ఏడాది ఎడిన్‌బరోలోని రెండో జట్టు హార్ట్స్ కూడా దిగింది. హార్ట్స్ ఒక్క ఏడాదిలోనే మొదటి స్థానంలో నిలిచి పైకెళ్లిపోయింది. హిబ్స్ మిగిలిపోయింది. నేను వెళ్లేసరికి అది వాళ్లకి కింద రెండో ఏడాది.

ఇంకో లెక్క ఉంది. స్కాటిష్ కప్ అని అన్ని శ్రేణుల జట్లూ ఆడే పోటీ ఒకటుంది. హిబ్స్ దాన్ని చివరిసారి గెలిచింది 1902లో. ఆ తర్వాత పది సార్లు ఫైనల్‌కి వెళ్లి పది సార్లూ ఓడింది. పెద్దాయన ఎనిమిదేళ్లప్పుడు, 1958లో, వాళ్ల నాన్న గ్లాస్గోలోని హాంప్‌డెన్ స్టేడియానికి తీసుకెళ్లాడట. క్లైడ్ చేతిలో ఓటమి. 1972లో సెల్టిక్ చేతిలో 6-1. 1979లో రేంజర్స్‌తో మూడు మ్యాచ్‌లు ఆడితే గానీ తేలలేదు, తేలాక ఓటమే. 2012లో సాక్షాత్తు హార్ట్స్ చేతిలో 5-1. ఇవన్నీ ఆయన చెప్పే తీరు చూడాలి. మా మేనత్త చచ్చిపోయిన వాళ్ల పేర్లు వరసగా చెప్పినట్టు, మొహంలో ఏ మార్పూ లేకుండా చెప్పేవాడు.

నాకు పట్టింది ఆట కాదు, పేరు. హిబర్నియా అంటే ఐర్లాండ్‌కి పాత లాటిన్ పేరు. స్కాట్లాండ్ రాజధానిలో ఆడే జట్టుకి ఐర్లాండ్ పేరెందుకు? పెద్దాయనని అడిగితే భుజాలెగరేశాడు. "పాత సంగతిలే హెన్. మా నాన్న కేథలిక్ కాదు, నేనూ కాదు. మేం లీత్ వాళ్లం, అంతే." నాకు కోపం వచ్చింది. మూలం మర్చిపోయిన వాళ్లంటే నాకెప్పుడూ కోపమే, మీకు తెలుసు కదా.

లైబ్రరీకి వెళ్లి చదివాను. నేషనల్ లైబ్రరీ జార్జ్ ఫోర్త్ బ్రిడ్జి మీద ఉంటుంది. వంతెన మీద నుంచి లోపలికి వెళ్తాం గానీ, ఆ భవనం అంతస్తులు అంతస్తులుగా కిందికి దిగి, వంతెన కింద ఉన్న కౌగేట్ వీధిదాకా పోతుంది. కౌగేట్ అంటే పశువుల్ని తోలుకెళ్లే దారి. నేను పుస్తకం తెరిచింది సరిగ్గా ఆ వీధి నెత్తి మీద కూర్చుని.

1840ల్లో ఐర్లాండ్‌లో బంగాళాదుంప పంట కుళ్లిపోయి కరువొచ్చింది. ఊళ్లకి ఊళ్లు ఓడలెక్కాయి. ఎడిన్‌బరోకి వచ్చిన వాళ్లలో చాలామంది కౌగేట్‌లోనే ఇరుక్కున్నారు. దాన్ని చిన్న ఐర్లాండ్ అనేవాళ్లు. నగరం వాళ్ల నెత్తి మీద వంతెనలు వేసుకుంది. పైన వెళ్లే వాళ్లకి కింది వీధి కంటపడే పనే లేదు. (ఊరికి తూర్పునో పడమరో నెట్టడం మన దగ్గర. అక్కడ కిందికి నెట్టారు.)

1875లో ఆ వీధిలోని సెయింట్ పాట్రిక్ చర్చి కుర్రాళ్లు జట్టు కట్టారు. ఫాదర్ ఎడ్వర్డ్ హన్నన్ అధ్యక్షుడు, మైకేల్ వీలహన్ కెప్టెన్. ఫుట్‌బాల్ సంఘంలో చేర్చుకోమని అడిగితే, ఇది స్కాట్లాండ్ వాళ్ల కోసం, ఐరిష్ వాళ్ల కోసం కాదని తిప్పి పంపారు. అయినా ఆ ఏడాది క్రిస్మస్ రోజున మెడోస్ మైదానంలో హార్ట్స్ వాళ్లతో ఆడింది. 1-0తో ఓడింది. వదల్లేదు. చివరికి సంఘం తలుపు తెరవక తప్పలేదు. 1887లో స్కాటిష్ కప్ గెలిచింది. తూర్పు స్కాట్లాండ్ నుంచి ఆ కప్పు గెలిచిన మొదటి జట్టు, వెలేసిన వాళ్ల జట్టే.

ఇక్కడిదాకా చదివి నేను పొంగిపోయాను. ఆ తర్వాతి పేజీలు చదివాక పొంగు దిగింది. విద్యార్థి సంఘాల్లో ఉన్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీరు చదవాల్సింది ఈ భాగమే.

ఆ గెలుపు చూసి గ్లాస్గో ఐరిష్ వాళ్లు మేమూ పెట్టుకుంటామన్నారు. అదే సెల్టిక్. 1888లో మొదటి మ్యాచ్ ఆడింది. ఆడింది ఎవరితో? హిబ్స్ నుంచి మంచి ఆటగాళ్లని వరసగా లాక్కుని వాళ్లతోనే. కాగితం మీద అప్పటికి ఆటగాళ్లకి జీతాలివ్వకూడదు. చాటుగా ఏమిచ్చారో ఊహించుకోండి. కౌగేట్ జట్టు వచ్చిన డబ్బులో చాలా భాగం దానధర్మాలకి ఇచ్చేది. ఆటగాళ్లు పోయారు, మైదానం పోయింది, 1891లో జట్టే ఆగిపోయింది. శత్రువు పదహారేళ్లు చేయలేని పని సొంతవాళ్లు మూడేళ్లలో చేశారు.

మళ్లీ లేచినప్పుడు వాళ్లొక నిర్ణయం తీసుకున్నారు. చర్చి సంఘం సభ్యులే ఆడాలన్న పాత నియమం తీసేశారు. ఎవరైనా రావచ్చు. లీత్ రేవు కూలీలు, ఏ మతం వాళ్లయినా సరే, వచ్చారు. పెద్దాయన తాత అలా వచ్చిన వాడే.

ఇది తప్పా ఒప్పా? నాకు ఇప్పటికీ తేలలేదు. తలుపు మూసుకుని ఉంటే చచ్చిపోయేది. తెరిచింది కాబట్టి బతికింది, కానీ పేరు మిగిలి, పేరులోని మనుషులు పలచబడ్డారు. జట్టు చిహ్నంలో ఇవాళ మూడు బొమ్మలుంటాయి: లీత్ ఓడ, ఎడిన్‌బరో కోట, ఐరిష్ వీణ. వీణ ఎందుకుందో తెలియని అభిమానులు నాకు చాలామంది కనపడ్డారు. మన దగ్గర కూడా జెండాలో రంగు మిగిలి, ఆ రంగు ఎందుకొచ్చిందో తెలియని రోజు వస్తుందేమోనని భయం వేసింది.

ఒకటి స్పష్టంగా చెప్పాలి. ఐరిష్ వాళ్లనీ మననీ ఒక్క తక్కెడలో వేయొద్దు. వాళ్లు రెండు మూడు తరాల్లో పేరు మార్చుకునో, పెళ్లి చేసుకునో కలిసిపోగలిగారు. కులం అలా వదలదు. అయితే అక్కడ కూడా "నువ్వు ఏ బడిలో చదివావు?" అని అమాయకంగా అడిగి మతం కనుక్కునే అలవాటుందని విన్నప్పుడు నవ్వొచ్చింది. "ఇంటిపేరేంటమ్మా, మీ ఇల్లు ఏ వీధిలో?"

ఇక ఆ సీజన్.

జనవరి 17న రోహిత్ వేముల వెళ్లిపోయాడు. ఆ రోజుల గురించి వేరే భాగం రాస్తాను, ఇప్పుడు కాదు. మూడు వారాలు ఫోన్ తప్ప నేనేమీ చూడలేదు. గిన్నెలు కడుగుతూ మధ్యలో ఆగిపోయేదాన్ని. పెద్దాయన ఏమీ అడగలేదు. ఫిబ్రవరి 7, ఆదివారం, "ఈ రోజు ఒక్కదానివీ ఉండకు" అని పబ్‌కి తీసుకెళ్లాడు. కప్పులో హార్ట్స్‌తో మ్యాచ్, వాళ్ల మైదానంలో. సగం కాకముందే హిబ్స్ రెండు గోల్స్ వెనక. నేను లేచి కోటు వేసుకున్నా. "కూర్చో, ఇంకా అవలేదు" అన్నాడు. 80వ నిమిషంలో జేసన్ కమింగ్స్ ఒకటి కొట్టాడు. ఇంజురీ టైమ్‌లో పాల్ హాన్లన్ రెండోది. 2-2. రీప్లేలో 1-0తో హిబ్స్ గెలిచింది. ఆ ఆదివారం పబ్‌లో నేను ఏడ్చింది మ్యాచ్ కోసం కాదని ఆయనకి తెలుసు.

తర్వాత ఆ జట్టు నన్ను ఆడుకుంది. మార్చి 13న లీగ్ కప్ అనే ఇంకో పోటీ ఫైనల్లో రాస్ కౌంటీ చేతిలో ఆఖరి నిమిషం గోల్‌తో ఓడింది. ఏప్రిల్‌లో స్కాటిష్ కప్ సెమీఫైనల్. డండీ యునైటెడ్ మీద కమింగ్స్ పెనాల్టీని షోకుగా మెల్లగా ఎగరేసి, గోల్ పైనుంచి పోగొట్టాడు. గోల్ లేకుండానే పెనాల్టీల దాకా వెళ్లింది. ఏడాది పైగా మ్యాచ్ ఆడని కాన్రాడ్ లోగన్ అనే బొద్దు గోల్‌కీపర్ రెండు ఆపాడు. గెలిపించే పెనాల్టీ కొట్టడానికి మళ్లీ ఆ కమింగ్సే వచ్చాడు. ఈసారి లోపలికి.

లీగ్‌లో 36 మ్యాచ్‌లు అయ్యేసరికి రేంజర్స్ మొదటి స్థానంలో ఉండి నేరుగా పైకెళ్లిపోయింది. ఫాల్కిర్క్‌కీ హిబ్స్‌కీ చెరి 70 పాయింట్లు, గోల్స్ తేడాలో హిబ్స్ మూడోది. రెండు, మూడు, నాలుగు స్థానాల వాళ్లు ప్లేఆఫ్ ఆడుకోవాలి.

మే 12న నేను కౌగేట్‌కి వెళ్లాను. జేమ్స్ కానలీ పుట్టిన వీధి అది. ఎర్రజెండా మనిషి, ఐర్లాండ్ తిరుగుబాటు నాయకుడు. గాయాలతో నిలబడలేని మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి కాల్చి చంపి ఆ రోజుకి సరిగ్గా వందేళ్లు. వంతెన కింద గోడకి ఆయన పేరుతో ఫలకం ఉంది. చిన్నప్పుడు హిబ్స్ ఆటగాళ్ల సామాను మోసేవాడని చెప్తారు. అక్కడ కాసేపు నిలబడి వచ్చేశా.

మర్నాడు ఫాల్కిర్క్‌లో హిబ్స్ ఆధిక్యంలో ఉండి కూడా ఇంజురీ టైమ్‌లో గోల్ తిని 3-2తో ఓడింది. పైకెళ్లే దారి మూసుకుపోయింది. మూడో ఏడాది కూడా కిందే. పెద్దాయన పని దగ్గర మాట్లాడలేదు. కప్ ఫైనల్‌కి ఎనిమిది రోజులే ఉంది, ఎదురుగా రేంజర్స్. "వెళ్తావా?" అన్నా. "వెళ్లకపోతే ఎలా?" అన్నాడు. ఓడిపోతామని తెలిసి టికెట్ కొనడం నేను ఊళ్లో సర్పంచ్ ఎన్నికల్లో చూశాను గానీ, ఆటలో అదే చూడ్డం.

మే 21, శనివారం. ఆయన హాంప్‌డెన్‌లో, నేను పబ్‌లో. మూడో నిమిషంలోనే ఆంథొనీ స్టోక్స్ గోల్ కొట్టాడు. రేంజర్స్ సమం చేసింది. 64వ నిమిషంలో ఆండీ హాలిడే దూరం నుంచి ఒక్క తన్ను, 2-1. పబ్‌లో ఒక ముసలామె "ఇది పదకొండోది" అంది ఎవరితోనూ కాదు. 80వ నిమిషంలో లియామ్ హెండర్సన్ కార్నర్, స్టోక్స్ తల. 2-2. 92వ నిమిషం, మళ్లీ హెండర్సన్ కార్నర్. కెప్టెన్ డేవిడ్ గ్రే తల.

నూట పద్నాలుగేళ్లు.

మ్యాచ్ అవగానే అభిమానులు మైదానంలోకి దూకారు. అందులో కొందరు రేంజర్స్ ఆటగాళ్ల మీదికి వెళ్లారు, రెండు వైపుల జనం కొట్టుకున్నారు. కప్పు అందించడం ఆలస్యమైంది. మన జట్టని అది దాచను, సిగ్గుచేటే. తర్వాత మైదానం ఖాళీ అయ్యాక, హిబ్స్ వైపు జనమంతా లేచి ప్రొక్లెయిమర్స్ వాళ్ల 'సన్‌షైన్ ఆన్ లీత్' పాడారు. డబ్లిన్‌లో పుట్టిన వాడు రెండు గోల్స్, ఎడిన్‌బరోలో పుట్టిన వాడు మూడోది. తలుపు తెరవడం తప్పా ఒప్పా అని లైబ్రరీలో బుర్ర బద్దలు కొట్టుకున్న దాన్ని, ఆ పాట వింటూ ఆ ప్రశ్నే మర్చిపోయాను.

ఆదివారం లీత్ లింక్స్ దాకా ఊరేగింపు. లక్ష పైనే జనం అని పత్రికలు రాశాయి. నేను జనంలో ఆయన కోసం చాలాసేపు వెతికా. కనపడలేదు.

మంగళవారం పనికి వచ్చాడు. గొంతు పూర్తిగా పోయింది. ఆదివారం ఎక్కడికి పోయావంటే, స్మశానానికి వెళ్లానన్నాడు. నాన్న సమాధి రాయికి ఆకుపచ్చ మఫ్లర్ కట్టి వచ్చాడట. అప్పటికే పక్క సమాధులకి కూడా నాలుగైదు కట్టి ఉన్నాయట.

ఆ రోజు ఎక్కువ మాట్లాడుకోలేదు. పళ్లేలు బాగా పేరుకున్నాయి. చివర్లో నేనే, తెలియక అడిగా: "కప్పు గెలిచారు కదా, అయితే వచ్చే ఏడాది పై శ్రేణిలో ఆడిస్తారా?"

నా వైపు చూసి, లేని గొంతుతో నవ్వాడు.

"లేదు హెన్. మళ్లీ ఫాల్కిర్క్‌తోనే."