చేసేదేమీ లేదా?

"ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపొండి" అన్నారు ఆస్పత్రిలో. తాతయ్యను తెచ్చి వసారాలో నులకమంచం మీద పడుకోబెట్టాం. కేన్సర్ నొప్పితో ఆయన రాత్రంతా మూలుగుతుంటే, వినలేక నాన్న చేనుకాడికి వెళ్లిపోయేవాడు.

నల్లమందు నుంచి తీసే మార్ఫిన్ ఆ నొప్పిని తగ్గిస్తుందని, ఖరీదూ ఎక్కువ కాదని నాకు కాలేజీకొచ్చాకే తెలిసింది.

ఇంట్లో ఉన్న మాకే అలా అయితే, ఇల్లే లేనివాళ్ల మాటేమిటి? 2017 ఆగస్టు తర్వాత 7 లక్షలకు పైగా రోహింగ్యాలు మయన్మార్ వదిలి బంగ్లాదేశ్‌కు పారిపోయారు. కుటుపలాంగ్ శిబిరంలోని వెదురు గుడిసెల్లోనూ మా తాతయ్యలాంటి వాళ్లుంటారు కదా! ఇలాంటి చోట్ల కూడా ఉపశమన వైద్యం అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో మార్గదర్శిని వెలువరించింది.

బతికించలేకపోయినా బాధ తగ్గించవచ్చు. మిత్రులారా, మీలో రేపు డాక్టర్లయ్యేవాళ్లు "చేసేదేమీ లేదు" అని మాత్రం అనకండి.