వేళ్ల పక్కన

ఏప్రిల్ 11
చూపుడు వేలి పక్కన దురద. దోమ కుట్టిందనుకున్నా. లైటు కింద చూస్తే చర్మం లోపల సగ్గుబియ్యంలా నీటి పొక్కులు. గోకితే ఇంకా ఎక్కువవుతోంది.

ఏప్రిల్ 13
మధ్యవేలికీ వచ్చాయి. అంట్ల సబ్బు మార్చా. పెళ్లివారి జాకెట్లకి హుక్కులు కుట్టడం మిగిలింది. సూది నొక్కలేకపోతున్నా.

ఏప్రిల్ 16
పక్కింటి పిన్నిగారు అక్కి అంటోంది. కుమ్మరాయన చేత జాజుతో రాయించుకోమంది. మావయ్యకి అక్కి వచ్చినప్పుడు చూశాగా, నడుముకి ఒక పక్కే, ఒకటే మంట. నాకు రెండు చేతులకీ. వెళ్లలేదు.

ఏప్రిల్ 20
తోటలో బంగినపల్లి కోత మొదలు. తొడిమ విరిచీ విరవగానే సొన చిమ్ముతుంది. కాయల్ని తొడిమ కిందికి పెట్టి కారనిస్తాం. తొక్క మీద పడితే నల్లమచ్చ, నున్న మార్కెట్లో రేటు పోతుంది. చేతి మీద పడితే కొబ్బరినూనె.
సొనే అనుకుందామంటే కోతకి ముందే వచ్చాయి కదా ఇవి. ఉగాది పచ్చడికి కాయ తరిగినప్పుడా?

ఏప్రిల్ 27
నా పక్కన కాయలేరే ఆవిడ చేతులు చూశా. ముంజేతి మీద కాలినట్టు గోధుమరంగు మచ్చలు. "ఏటా వస్తయ్యి వదినా, వానలకి పోతయ్యి" అంది. నావి అలా లేవు. వేళ్ల పక్కనే. మచ్చ లేదు.

మే 3
బెజవాడ వెళ్లా, చర్మం డాక్టరు దగ్గరికి. చీటీ మీద పాంఫోలిక్స్ అని రాశాడు. చెమట గ్రంథుల జబ్బా అంటే కాదట. మరెందుకొచ్చింది? "చాలామందిలో ఇదీ అని చెప్పలేమమ్మా."
సొన సంగతి అడిగా. మామిడి, జీడిమామిడి, నల్లజీడి అన్నీ ఒక కుటుంబమట. పడనివాళ్లకి తగిలిన మర్నాడో మూడోనాడో లేస్తుందట. కుట్టుపని అని చెబితే, హుక్కుల్లో, కత్తెరలో నికెల్ ఉంటుంది, అదీ కావచ్చన్నాడు.
కాయా కావచ్చు, కత్తెరా కావచ్చు. ఏది మానను?

మే 9
గ్లౌజులు వేసుకున్నా. ఈ ఎండకి లోపలంతా చెమట, కాయ జారిపోతోంది. మేస్త్రి నవ్వాడు. తీసేశా.

మే 18
ఆవకాయ. ముక్కలు కొట్టించి తెచ్చారు. జీడి తీసి తుడవడానికి కూర్చోబోతే అత్తయ్య "నువ్వు చెయ్యి పెట్టకు" అంది. నా వేళ్ల కోసమో, జాడీ కోసమో.

జూన్ 2
కోత అయిపోయింది. పొక్కులు ఎండి పొట్టు లేస్తోంది. కింద చర్మం ఎర్రగా, పల్చగా. చింతపండు పిసికితే చుర్రుమంటోంది. డాక్టరు రాసిన ఆయింట్‌మెంట్ అయిపోవచ్చింది. ఇంకోటి కొనాలా?

జూన్ 17
ఎడమ ఉంగరపు వేలికి మళ్లీ మొదలు. ఇంట్లో మామిడికాయ లేదు.
బడి పిల్లల చొక్కాలు ఒప్పుకున్నా. అన్నీ ప్లాస్టిక్ గుండీలే, ఒక్క హుక్కు లేదు. కత్తెర మాత్రం అదే.