ఐడీ కార్డుకు పూసల దండ
తెల్లారకముందే మారికుప్పంలో బయల్దేరే బెంగళూరు రైలెక్కి చూడండి, ఎన్ని మెడల్లో ఐడీ కార్డులో! 2001 ఫిబ్రవరి 28న కోలార్ బంగారు గనులు మూతపడ్డాక మన కేజీఎఫ్‌లో ఎన్నో ఇళ్ల పొయ్యి ఈ రైలు నమ్ముకునే వెలుగుతోంది.

ఆ కార్డులకు పూసల దండలు గుచ్చి అమ్మాలనుకునే రాబర్ట్‌సన్‌పేట అక్కచెల్లెళ్లకు ఒక మాట. అందం కన్నా ముందు భద్రత చూడండి. గాజు పూస రంధ్రం అంచు మామూలు దారాన్ని కోసేస్తుంది. ప్లాస్టిక్ పూత ఉన్న సన్నటి స్టీలు తీగ వాడండి. మెడ వెనక, గట్టిగా లాగితే ఊడిపోయే క్లిప్పు తప్పనిసరి. రైలు తోపులాటలో దండ ఎక్కడైనా చిక్కుకుంటే మెడకు బిగుసుకోకూడదు. నడిచే యంత్రం దగ్గర మాత్రం ఏ దండా వద్దని కొనేవాళ్లకు చెప్పండి. అన్నీ గాజువైతే మెడకు బరువు, మధ్యమధ్య చెక్క పూసలు కలపండి.

ధర కట్టేటప్పుడు పూసల ఖర్చుతో ఆగకండి, మీ చేతి కూలి కూడా కలపండి. భూమి అడుగున బంగారం తవ్విన వాళ్ల ఊరు మనది. కష్టానికి విలువ కట్టడం మనకు తెలియాలి. కొనేవాళ్లు కూడా దయచేసి బేరమాడకండి.