అగ్రికో నుండి అండమానుకు

టాటావారి పారలకు, గునపాలకు ఏ పేరో, జంషెడ్‌పూర్‌లోని ఒక పేటకూ అదే పేరు: అగ్రికో. ఇనుము, పొగ, సైరను మోతల నడుమ ఏడాది గడిపిన ఉద్యోగి సెలవు దొరికినప్పుడు సముద్రాన్ని కోరుకోవడం సహజం. పూరీ, దిఘా తీరాలు చూసినవారి మనస్సు తరువాత అండమానుకు మళ్లుతుంది.

స్వదేశంలోనిదే గనుక పాస్‌పోర్టుతో పనిలేదు. భారతీయుడు గుర్తింపు పత్రం చూపితే చాలు, పోర్ట్ బ్లెయిర్‌లో అడుగుపెట్టవచ్చు. (ఆ నగరానికి 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చారు.) లక్షద్వీపాలకైతే మనవారికి కూడా ముందస్తు అనుమతి పత్రం కావాలి, ఈ రెండింటినీ కలగాపులగం చేసుకుని కంగారుపడేవారు కొందరున్నారు. కానీ నికోబార్ దీవులకు మాత్రం ప్రత్యేకానుమతి లేనిదే వెళ్లరాదు.

టాటానగర్ నుండి హౌరా సుమారు 250 కిలోమీటర్లు. కలకత్తా నుండి విమానమెక్కితే రెండున్నర గంటలలోపే ప్రయాణం ముగుస్తుంది. ఓడలో దాదాపు మూడు రోజులు పడుతుంది. ఖిదిర్‌పూర్ రేవునుండి ఓడ హుగ్లీ నది పోటును బట్టి కదులుతుంది గనుక, రైలు కాలపట్టికను నమ్మినట్లు దాని కాలపట్టికను నమ్మరాదు. విశాఖపట్టణం నుండి కూడా ఓడలున్నవి గాని అవి అరుదు. జనవరి నుండి ఏప్రిల్ వరకు సముద్రం శాంతంగా ఉంటుంది. మే నెలలో వాన మొదలైతే దీవుల మధ్య తిరిగే పడవలు చెప్పాపెట్టకుండా ఆగిపోతాయి. అందుచేత హేవ్‌లాక్ నుండి వచ్చిన మర్నాడే తిరుగు విమానం పెట్టుకోవడం సాహసమే. ఒక రోజు చేతిలో ఉంచుకోవాలి. గడియారం మనదే అయినా సూర్యుడు మనకంటె తూర్పున ఉదయిస్తాడు. డిసెంబరులో సాయంత్రం అయిదుగంటలకే పొద్దు గుంకుతుంది. గవ్వలు, పగడాలు ఏరుకుని పెట్టెలో దాచడం నేరం. మొసళ్లున్నవని బోర్డు కట్టిన చోట స్నానం వలదు.

అక్కడికి చేరిన జార్ఖండ్ వాసికి ఒక ఆశ్చర్యం ఎదురవుతుంది. మధ్య అండమాన్‌లో "రాంచీవాళ్లు" అనబడే జనం కనిపిస్తారు. 1918 నుండి ఛోటానాగపూర్ పీఠభూమికి చెందిన ఉరావ్, ముండా, ఖడియా కూలీలను అడవులు కొట్టడానికి తీసుకువెళ్లారు. వారి సంతతి అక్కడే నిలిచిపోయింది. తెలుగువారికీ ఇట్టి బంధుత్వమే ఉంది. శ్రీకాకుళం, విశాఖ తీరాలనుండి కొందరు జంషెడ్‌పూర్ కర్మాగారాలకు, మరికొందరు సముద్రం దాటి పోర్ట్ బ్లెయిర్‌కు వలస పోయారు. అక్కడి బజారులో తెలుగు వినిపిస్తే యాత్రికుడు ఉలిక్కిపడనక్కరలేదు.

అయితే ఆ అడవులు ఎవరూ లేనివి కావు. 1858లో ఆంగ్లేయులు శిక్షాస్థావరం నెలకొల్పేనాటికి గ్రేట్ అండమానీలు కొన్ని వేలమంది ఉండేవారు. తుపాకులకన్న రోగాలే వారిని ఎక్కువగా మింగినవి. 1961 జనాభా లెక్కల్లో మిగిలినవారు 19 మంది. 1956నాటి చట్టం ఆదిమ తెగల నివాసాలను నిషిద్ధ ప్రాంతాలుగా ప్రకటించింది. ఉత్తర సెంటినెల్ దీవి చుట్టూ అయిదు కిలోమీటర్ల సముద్రం కూడా నిషిద్ధమే. 2018లో అక్కడ దిగిన అమెరికన్ మతప్రచారకుడు ప్రాణం కోల్పోయాడు. 2025లో మరొక అమెరికన్ ఒడ్డున కొబ్బరికాయ, శీతలపానీయపు డబ్బా వదలి వచ్చి అరెస్టయ్యాడు. సాహసమని వారు తలచినది ఆ తెగకు ప్రాణాంతకం కావచ్చును. మనకు మామూలు జలుబు తెచ్చే క్రిమిని తట్టుకునే శక్తి వారి దేహాలకు లేదు. జారవాలు అడవి వెలుపలికి రాసాగిన కొద్దికాలానికే, 1999లో, వారిలో తట్టు వ్యాపించింది.

బారాటాంగ్ సున్నపురాతి గుహలకు పోయే రోడ్డు ఈ జారవాల అరణ్యం గుండానే సాగుతుంది. దానిని మూసివేయమని సుప్రీంకోర్టు 2002లో ఆదేశించినా, రాకపోకలు ఆగలేదు. జిర్కాటాంగ్ వద్ద వాహనాలను గుంపుగా కూర్చి, పోలీసు కాపలాతో పంపుతారు. ఆగరాదు, ఫొటో తీయరాదు, తినుబండారం విసరరాదు. 2012లో తిండి ఆశ చూపి జారవా స్త్రీలను నాట్యమాడించిన వీడియో బయటపడి దేశమంతా తలవంచుకున్నది. ఇంతటి చిక్కుతో చూడదగినంత గొప్పవి కావు ఆ గుహలు. ఏడు బాహువుల్లో మూడే మిగిలిన సెల్యులర్ జైలు, హేవ్‌లాక్ ఇసుకతీరం, నీల్ దీవి చూస్తే వారం రోజుల సెలవు చాలదు.