పొద్దున వెళ్ళి సాయంత్రానికి వద్దాం... సముద్రానికి!

పర్చూరు, ఇంకొల్లు చుట్టుపక్కల పల్లెలన్నీ నల్లరేగడి నేలలు. పొగాకు, మిర్చి, శనగ, పత్తి... ఎటు చూసినా చేలే. ఈ ఊళ్ళకి సముద్రం ఎంత దూరమనుకున్నారు? రోడ్డు మీద ముప్పై కిలోమీటర్లు, అటూ ఇటూగా! అయినా కార్తీక పౌర్ణమి స్నానానికి తప్ప ఆ వైపు వెళ్ళని ఆడవాళ్ళు ఏ వీధిలో అడిగినా కనిపిస్తారు. ఆ రోజు జనంలో తోసుకుంటూ మూడు మునకలు వేసి, పిల్లలు తప్పిపోకుండా కాపలా కాసి, ఉసూరుమంటూ ఇంటికొస్తారు. పుణ్యం దక్కుతుందేమోగానీ, సముద్రాన్ని కళ్ళారా చూసినట్టు కాదు కదా!

"సముద్రమా! వద్దు తల్లీ" అనే పెద్దవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ భయం ఊరికే పుట్టలేదు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమలో ఊళ్ళకి ఊళ్ళనే తుడిచిపెట్టేసింది. ఆ కబుర్లు వింటూ పెరిగినవాళ్ళకి అలలంటే సరదా ఎలా కలుగుతుంది? అందుకే వెళ్ళేముందు నాలుగు విషయాలు తెలుసుకుని, మామూలు రోజు ఒకటి చూసుకుని వెళ్ళండి. సంక్రాంతి హడావిడి తగ్గాక, ఎండలు ముదరకముందు అయితే హాయిగా ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాన్ల కాలం. అప్పుడు వాతావరణ వార్తలు వినకుండా గడప దాటొద్దు.

వాడరేవు

అన్నిటికంటే దగ్గర ఇదే. చీరాల చేరితే అక్కణ్ణించి ఆటోలో ఎంతోసేపు పట్టదు. తెల్లారగట్ల బయల్దేరి వెళితే వేటకెళ్ళిన పడవలు ఒడ్డుకొచ్చే వేళకి ఉంటారు. వంజరం, చందువా, నెత్తళ్ళు ఇసుక మీదే గుట్టలు పోసి అమ్ముతారు. బేరమాడేది ఎక్కువగా మత్స్యకార స్త్రీలే. వాళ్ళ మాట వేగం, లెక్క చురుకు చూసి తీరాలి! చేపలు కొనదలిస్తే మూత గట్టిగా పట్టే డబ్బా, అందులోకి ఐసు సిద్ధం చేసుకోండి. తిరుగు దారిలో చీరాల కుప్పడం చీరలు చూడకుండా రావడం మాత్రం కష్టం. కొన్నా కొనకపోయినా మగ్గం మీద అంచు ఎలా కలుపుతారో అడిగి చూడండి.

సూర్యలంక

బాపట్లకి తొమ్మిది కిలోమీటర్లు. చీరాల నుంచి బాపట్లకి రైలూ ఉంది, బస్సూ ఉంది. ముందు ఊళ్ళో భావనారాయణస్వామి గుడికి వెళ్ళండి. బాపట్ల అన్న పేరు ఈ స్వామి పేరు మీదనే వచ్చిందంటారు. సూర్యలంకలో ఇసుక తీరం విశాలంగా ఉంటుంది, వెనక సరుగుడు తోటల నీడ. చిన్నపిల్లలతో, పెద్దవాళ్ళతో వెళ్ళేవారికి కాస్త కూర్చునే వీలున్న చోటు. చలికాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఈ తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. గుడ్లు కనిపిస్తే ముట్టుకోనివ్వకండి. పక్కనే వైమానిక దళ స్థావరం ఉంది కనుక బోర్డులు పెట్టిన వైపు వెళ్ళకూడదు.

మోటుపల్లి

గుళ్ళూ గోపురాలూ ఇష్టమైనవారు వేటపాలెం మీదుగా చినగంజాం వైపు వెళ్ళండి. వేటపాలెం జీడిపప్పుకి పేరు, చినగంజాం ఉప్పు మళ్ళకి పేరు. ఆ తర్వాత మోటుపల్లి. ఇప్పుడు చిన్న పల్లెటూరేగానీ, కాకతీయుల నాడు దేశదేశాల ఓడలు ఆగిన రేవు! తుఫానుకి దెబ్బతిని ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకంతా రాజులు లాక్కోవడం అంతకుముందు ఆనవాయితీ. గణపతిదేవుడు 1244లో అభయ శాసనం వేయించి, ఇక అలా తీసుకోము, సుంకం మాత్రమే కట్టండి అని వర్తకులకి మాట ఇచ్చాడు. ఆ శాసనం అక్కడి వీరభద్రస్వామి గుడి దగ్గర ఉంది. ఆ తర్వాత మార్కోపోలో ఈ ప్రాంతాన్ని గురించి రాస్తూ, ఇక్కడ ఏలిన రాణిని ఎంతో మెచ్చుకున్నాడు. ఆమె రుద్రమదేవే అని చరిత్రకారులు చెబుతారు. మీ ఆడపిల్లలకి ఆ కథ అక్కడే నిలబడి చెప్పండి.

నీళ్ళలో దిగేముందు

ఈ తీరాల్లో కొట్టుకుపోయిన పిల్లల వార్తలు పేపర్లో చూస్తూనే ఉంటాం. ఒక్క గుర్తు మనసులో పెట్టుకోండి. అలలన్నీ తెల్లగా విరుగుతుంటే మధ్యలో ఒకచోట మాత్రం అల విరగకుండా, నీరు నెమ్మదిగా ఉన్నట్టు కనిపిస్తుంది. "ఇక్కడైతే బాగుంది" అని దిగేది అక్కడే! ఒడ్డుకొచ్చిన నీళ్ళన్నీ తిరిగి లోపలికి పోయే దారి అది. మనిషిని కూడా లాక్కుపోతుంది. అందులో చిక్కితే ఒడ్డుకేసి ఎదురీదితే ఓపిక అయిపోతుంది. ఒడ్డు వెంబడి పక్కకి జరగాలి. చెయ్యెత్తి కేకవెయ్యాలి. ఎవరైనా కొట్టుకుపోతుంటే వెంట దూకకండి. తాడో, మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బానో విసరండి, జాలర్లని పిలవండి.

ఈత రానివాళ్ళు మోకాలి లోతు దాటొద్దు. తడిసిన చీర కాళ్ళకి చుట్టుకుంటుంది కనుక పంజాబీ డ్రెస్సు మేలు. పిల్లల చెయ్యి వదలొద్దు. మందు కొట్టినవాళ్ళని నీళ్ళ దగ్గరికే రానివ్వొద్దు.

సంచీలో ఏం పెట్టుకోవాలి?

పులిహోర, దద్ధ్యోజనం, ఆవకాయ చాలు. మంచినీళ్ళు ఎక్కువ పట్టుకెళ్ళండి. బట్టలు మార్చుకునే గదులు శుభ్రంగా ఉంటాయని నమ్ముకోకుండా, ఇద్దరు చెరోవైపు పట్టుకుంటే తెరలా అయ్యే పాత దుప్పటి ఒకటి పెట్టుకోండి. ఆరిన కాళ్ళ మీద కాస్త పౌడరు చల్లి తుడిస్తే ఇసుక ఇట్టే రాలిపోతుంది. తిన్న ఆకులూ, కవర్లూ మళ్ళీ సంచీలోకే!

ఇంట్లో వంట సంగతంటారా? ముందురోజే పప్పు నానబోసి, గిన్నెలు తోమి, అన్నీ సర్దిపెట్టి వెళ్ళాలని ఆరాటపడకండి. ఆ ఒక్క పూట అన్నం ఆయన్నే వండుకోమనండి. వీధిలో నలుగురు కలిసి ఆటో మాట్లాడుకుంటే ఖర్చూ తగ్గుతుంది, తోడూ ఉంటుంది. అత్తగారినీ బయల్దేరదీయండి. ఇన్నేళ్ళూ పనితోనే సరిపోయి, ఇంత దగ్గరున్న సముద్రాన్ని తీరిగ్గా చూడనిది ఆవిడే కావచ్చు.