డీజిల్ కారుకీ షికారు కావాలి

విశాఖ పాతబస్తీలో, పోర్టుకి దగ్గరగా ఉన్న ఏ ఇంటి డాబా మీదైనా చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేసి చూడండి. అరికాళ్లు నల్లబడతాయి. ఆరేసిన బట్టల్ని దులిపి మడతపెట్టడం అక్కడి ఆడవాళ్లకి అలవాటైపోయింది. 1933లో మొదలైన రేవు ఊరికి అన్నం పెట్టింది, దాంతోపాటే బొగ్గు ధూళినీ పంచింది. 2019లో కేంద్రం ప్రకటించిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో విశాఖ కూడా ఉంది.

దుమ్ము మాట ఎత్తితే అందరి వేలూ పోర్టు వైపో, ఉక్కు ఫ్యాక్టరీ వైపో తిరుగుతుంది. నిజమే. కానీ మన కారు సైలెన్సర్ గొట్టంలోంచి వచ్చే మసి సంగతేమిటి? పోర్టు ధూళి కంటికి కనిపిస్తుంది. డీజిల్ మసి మరీ సన్నం, ఊపిరితిత్తుల లోపలికంటా పోతుంది. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లోనే తేల్చిచెప్పింది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 నిబంధనలు వచ్చాక, కొత్త డీజిల్ కార్లకి ఆ మసిని పట్టి ఉంచే వడపోత డబ్బా తప్పనిసరిగా వస్తోంది. దాన్నే డీపీఎఫ్ అంటారు.

మా బావగారు కూర్మన్నపాలెంలో ఉంటారు. ఉద్యోగం ఉక్కు ఫ్యాక్టరీలో. కారు ఇంటి నుంచి ఫ్యాక్టరీకి, అక్కణ్ణుంచి గాజువాక మార్కెట్‌కి, మళ్లీ ఇంటికి తిరుగుతుంది. ఇంజిన్ సరిగ్గా వేడెక్కేలోపే తాళం తీసేస్తారు. మధ్యలో పోర్టు ట్రైలర్ల వెనకాల నత్తనడక ఒకటి. పోయిన నెల నేను వెళ్లేసరికి కారు మీటర్ల దగ్గర పసుప్పచ్చ లైటొకటి వెలుగుతోంది.

"ఏటో బామ్మర్దీ, ఈ లైటు రెండ్రోజుల్నుంచి ఆరట్లేదు. ఆ డబ్బా కోసి లోపలిది తీసేస్తే పీడా పోద్దని మా గ్యారేజీవాడు అంటన్నాడు" అన్నారు.

"కోయించకండి బావా. ముందు బండిని రోడ్డెక్కిద్దాం" అన్నాను. కారు కొన్నప్పుడు ఇచ్చిన పుస్తకం తీసి చదివాం. లైటు స్థిరంగా వెలుగుతుంటే కాసేపు ఆగకుండా నడపమని ఉంది. ట్యాంకులో డీజిల్ బాగా తక్కువుంటే చాలా కార్లలో ఈ శుభ్రం చేసుకునే పని మొదలవదు. అందుకని ముందు బంకుకెళ్లి డీజిల్ కొట్టించాం.

లంకెలపాలెం దాటి అనకాపల్లి చేరి, అక్కడ ఆనందపురం వెళ్లే ఆరు వరసల బైపాస్ ఎక్కాం. యాభై కిలోమీటర్ల రోడ్డు. సబ్బవరం, పెందుర్తి పక్కనుంచి పోతుంది. ఊళ్లో సిగ్నళ్ల బాధ లేదు. ఒక గేరు తగ్గించి, ఇంజిన్‌ని రెండు వేల చుట్ల పైన ఉంచి, డెబ్బై, ఎనభై వేగంతో పోనిచ్చాం. ఈ పనికి వేగం కాదు, వేడి ముఖ్యం.

లోపల జరిగేది వంటింటి భాషలో చెప్పుకోవచ్చు. కట్టెల పొయ్యి మీద గిన్నెకి మసి పడుతుంది. దాన్ని పీచుతో తోముతాం. డీపీఎఫ్‌లో పీచు పని వేడి చేస్తుంది. పెద్ద రోడ్డు మీద పొగ బాగా వేడెక్కితే మసి కొంచెం కొంచెంగా దానంతటదే కాలిపోతుంది. అది చాలకపోతే కారు కంప్యూటర్ కాస్త ఎక్కువ డీజిల్ పంపి, వడపోతలో వేడిని సుమారు 600 డిగ్రీలకి పెంచి, పేరుకున్న మసిని కాల్చేస్తుంది. ఆ సమయంలో మైలేజీ పడిపోతుంది, కారు ఆగి ఉన్నా ఇంజిన్ చుట్లు కాస్త ఎక్కువుంటాయి, ఫ్యాను జోరుగా తిరుగుతుంది. అప్పుడు ఇంజిన్ ఆపకూడదు. ఎండుగడ్డి మీద బండి నిలపకూడదు.

పెందుర్తి దాటాక లైటు ఆరింది. "ఓర్నీ!" అన్నారు బావగారు, అంతే. సింహాచలం కొండల వెనకవైపు చూసుకుంటూ ఆనందపురం, అక్కణ్ణుంచి తగరపువలస మీదుగా భీమిలి చేరాం. గోస్తని సముద్రంలో కలిసేచోట గాలికి కూర్చుని మిగతా సంగతులు మాట్లాడుకున్నాం.

శుభ్రపడే పని మాటిమాటికీ మధ్యలో ఆగిపోతే, కాలకుండా మిగిలిన డీజిల్ ఇంజిన్ ఆయిల్లో కలుస్తుంది. ఆయిల్ పుల్ల తీసి చూసినప్పుడు మట్టం పెరిగి కనిపిస్తే సంతోషించకండి, వర్క్‌షాపుకి వెళ్లండి. ఇక ఆయిల్ రకం. మసి కాలిపోతుంది గానీ ఆయిల్ నుంచి వచ్చే బూడిద కాలదు, వడపోతలోనే ఉండిపోతుంది. అందుకే పుస్తకంలో చెప్పిన తక్కువ బూడిద ఆయిలే పోయించాలి. చవగ్గా వచ్చిందని ఏదో ఒకటి పోస్తే ఆ లాభం పోయి పెద్ద ఖర్చు మీద పడుతుంది.

విశాఖవాళ్లకి ఇంకో మాట. పోర్టు ధూళి నేరుగా డీపీఎఫ్‌లోకి వెళ్లదు, ఎయిర్ ఫిల్టర్‌ని పూడుస్తుంది. గాలి చాలని ఇంజిన్ మసి ఎక్కువ చేస్తుంది. కాబట్టి మన ఊళ్లో ఎయిర్ ఫిల్టర్‌ని కాస్త ముందే చూపించుకోవాలి. లైటు ఆరకపోయినా, మిణుకుమిణుకుమన్నా, బండి లాగడం మానేసినా షికారుతో పని కాదు. ఇంజెక్టరో, సెన్సారో చెడిపోయి ఉండొచ్చు. వర్క్‌షాపులో యంత్రం తగిలించి చూడాల్సిందే.

మరి ఆ డబ్బా కోసేస్తే? లైటు ఆరేలా కంప్యూటర్‌ని మభ్యపెట్టేవాళ్లు ఉన్నారు. కానీ వాహనంలో అలాంటి మార్పుని చట్టం ఒప్పుకోదు. అంతకుమించి, ఆ మసి ఎక్కడికి పోతుందో ఆలోచించండి. మన వెనకాల స్కూటీ మీద బడికి వెళ్లే పిల్లల మొహానికి కొడుతుంది. పోర్టు బొగ్గు మీద టార్పాలిన్ కప్పాలని అడిగే హక్కు మనకి ఉంది. మన మసిని మన డబ్బాలో ఉంచుకోవడం మన వంతు.

రోజుకి నాలుగైదు కిలోమీటర్లే తిరిగేవాళ్లు ఇకమీదట పెట్రోలో, కరెంటు బండో కొనుక్కోవడం మేలు. ఇప్పటికే డీజిల్ కారు ఉన్నవాళ్లు వారానికోసారైనా దాన్ని బైపాస్ ఎక్కించండి. ఆ వంకన ఇంట్లోవాళ్లకి భీమిలి గాలి కూడా దక్కుతుంది.